నెల్లూరు సూర్యోదయం హైదరాబాదుకు వెళ్లిన వైనం: ఐపీ చిరునామాతో ఊరు పట్టే పని డైరీ

నేనూ మా తమ్ముడూ చెన్నై పెరంబూరు నుంచి ఒక చిన్న తెలుగు పంచాంగం సైటు నడుపుతున్నాము. పేజీ తెరిచినవారి ఐపీ చిరునామాను (ఇంటర్నెట్టులో వారి కనెక్షనుకు ఉండే నంబరును) బట్టి వారి ఊరిని ఊహించి, ఆ ఊరికి సరిపడే సూర్యోదయం, రాహుకాలం, దుర్ముహూర్తం చూపించడం ఆ సైటు పని. కిందటి డిసెంబరులో నెల్లూరు నుంచి మా మేనమామ ఫోను చేశారు. "ఒరేయ్ అల్లుడూ, మీ సైటులో సూర్యుడు మా ఊళ్లోకంటే పన్నెండు నిమిషాలు ఆలస్యంగా లేస్తున్నాడురా. నేను సంధ్యవార్చుకుని కాఫీ కూడా తాగేశాను, మీవాడింకా లేవలేదు" అన్నారు. తీరా మేము కొలతలకు కూర్చునే వేళకు జూన్ వచ్చింది. ఆ ఆరు నెలల జాప్యం మమ్మల్ని ఎలా మోసం చేసిందో రెండో దశలో రాశాను.

ఏ ఐపీ చిరునామా ఏ ఊరిదో చెప్పే పెద్ద డేటాబేసును డబ్బు పెట్టి కొనలేని చిన్న సైట్లవారు ఇదే పని తలపెడితే, మేము చేసిన తప్పులు వారు మళ్లీ చేయనవసరం లేకుండా ఉండాలని ఈ డైరీ. ఉచితంగా దొరికే ఒక డేటాబేసుతో మొదలుపెట్టాము. దాని పేరు అనవసరం, ఎందుకంటే ఇక్కడ చెప్పే లోపాలు ఏ ఒక్కదానికో పరిమితమైనవి కావు.

దశ 1: అసలు ఊరు ఏదో తెలియాలి కదా

ఊహ సరైనదో కాదో తేల్చాలంటే కొందరి అసలు ఊళ్లు ముందే తెలిసి ఉండాలి. మా సైటులో ఊరు మార్చుకునే పెట్టె ఒకటి ఎప్పటినుంచో ఉంది. దానిలో పాఠకులు స్వయంగా ఎంచుకున్న ఊళ్లు 640 పోగుపడి ఉండటంతో, ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుందని వాటినే ప్రమాణంగా పెట్టుకుని రెండు వారాలు పని చేశాను. ఆ రెండు వారాల పని మొత్తం చెత్తబుట్టలోకి పోయింది.

కారణం చాలా మామూలుది. మనవాళ్లు పంచాంగంలో తామున్న ఊరిని ఎంచుకోరు, తమ సొంత ఊరిని ఎంచుకుంటారు. కొరుక్కుపేటలో ఉంటూ గుంటూరు పెట్టుకున్నవారు, అమెరికాలో ఉంటూ తెనాలిలోని అమ్మానాన్నల కోసం తెనాలి పెట్టుకున్నవారు ఆ 640లో ఎందరో ఉన్నారు. బ్రౌజరు చెప్పే టైమ్‌జోన్ షికాగోది అయి, ఎంచుకున్న ఊరు తెనాలి అయినప్పుడు గాని ఈ సంగతి నా తలకెక్కలేదు. దేశం లోపల ఉన్నవారి విషయంలో ఆ ఆధారం కూడా లేదు, భారతదేశం మొత్తానికి టైమ్‌జోన్ ఒక్కటే. (చాలా బ్రౌజర్లు దాన్ని ఇప్పటికీ 'ఏషియా/కలకత్తా' అనే అంటాయి.)

పాత జాబితాను పారేసి, ఐదు వారాలపాటు మూడు ప్రశ్నల చిన్న ఫారం పెట్టాము.

1. మీరు ఇప్పుడు ఉన్న ఊరు ఏది?
2. మీకు పంచాంగం ఏ ఊరిది కావాలి?
3. ఇప్పుడు వాడుతున్నది మొబైల్ డేటానా, ఇంటి బ్రాడ్‌బ్యాండా?

ఊరు, ఐపీ చిరునామా జంటగా దాచుకోవడమంటే వ్యక్తిగత సమాచారం దాచుకోవడమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, పంచాంగం చూసుకోవడానికి వచ్చినవారి చిరునామా పూర్తిగా మా దగ్గర ఉండవలసిన అవసరం లేదు. అందుకని ఫారం పైన అనుమతి వాక్యం రాసి, లాగ్‌లోకి వెళ్లకముందే ఐపీవీ4 (పాత, పొట్టి రకం) చిరునామాలో చివరి 8 బిట్లను, ఐపీవీ6లో (కొత్త, పొడుగు రకం) మొదటి 48 బిట్ల తరువాతి భాగాన్ని చెరిపివేశాము. కొలతలకు 256 చిరునామాల కట్ట చాలు, దానికంటే లోతుగా తెలిసినా ఉపయోగం లేదు.

మొత్తం 418 జవాబులు వచ్చాయి. వీటిలో 300 పనికి, 118 చివరి పరీక్షకు విడదీశాను. విడదీసేటప్పుడు మనిషి లెక్కన కాకుండా చిరునామాల కట్ట లెక్కన చీటీ వేయాలి. ఒకే కట్టలోని ఇద్దరిలో ఒకరు పనిలోనూ ఒకరు పరీక్షలోనూ పడితే, జవాబు ముందే చూసి పరీక్ష రాసినట్టే అవుతుంది. 300 మందిలో బ్రాడ్‌బ్యాండ్ వారు 110, మొబైల్ వారు 190.

దశ 2: జూన్‌లో కనబడని తప్పు

ఇలాంటి పనుల్లో తప్పును సాధారణంగా కిలోమీటర్లలో కొలుస్తారు. మా పాఠకులకు కిలోమీటర్లతో పని లేదు, నిమిషాలతో పని. కాబట్టి ఊహించిన ఊరి సూర్యోదయానికి, అసలు ఊరి సూర్యోదయానికి తేడా 4 నిమిషాల లోపు ఉంటే 'సరి', దాటితే 'తప్పు' అని పెట్టుకున్నాము. భూమి ఒక డిగ్రీ రేఖాంశం తిరగడానికి పట్టే కాలం 4 నిమిషాలు. చెన్నై అక్షాంశం దగ్గర ఆ ఒక్క డిగ్రీ విలువ తూర్పు పడమరలుగా దాదాపు 108 కి.మీ.

మొదటి కొలత, జూన్ మూడో వారంలో, ఆ రోజు సూర్యోదయంతో:
సరి 203, తప్పు 97.

ఉచిత డేటాబేసు మూడింట రెండు వంతులు సరిగ్గా చెబుతోందంటే ఇక మేము చేయవలసింది ఏముందని తమ్ముడు అన్నాడు. నాకు మాత్రం మామయ్య ఫోను గుర్తొచ్చి, నెల్లూరు వారి వరుసలు విడిగా తీసి చూశాను. డేటాబేసు వారిలో చాలామందిని హైదరాబాదులో పెట్టింది. అయినా మా లెక్కలో వారు 'సరి' కిందే ఉన్నారు, తేడా అర నిమిషం కూడా లేదు.

కాగితం మీద లెక్క వేస్తే విషయం బయటపడింది. హైదరాబాదు నెల్లూరుకు పడమరగా ఒకటిన్నర డిగ్రీలు ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు 6 నిమిషాలు ఆలస్యంగా ఉదయించాలి. అది ఉత్తరంగా కూడా ఉంది. జూన్‌లో ఉత్తరానికి పోయేకొద్దీ సూర్యోదయం ముందుకు జరుగుతుంది, డిసెంబరులో వెనక్కి జరుగుతుంది. ఈ రెండు ఊళ్ల మధ్య ఆ జరుగుడు విలువ ఐదున్నర నిమిషాలు. జూన్‌లో ఆరులోంచి ఐదున్నర పోయి తప్పు మాయమవుతుంది, డిసెంబరులో ఆరుకు ఐదున్నర కలిసి పన్నెండుకు చేరుతుంది. మామయ్య చెప్పిన పన్నెండు అదే. చెన్నై, హైదరాబాదుల మధ్య ఇది ఇంకా స్పష్టం: జూన్ 21న రెండు చోట్లా సూర్యోదయం 5:43 ప్రాంతంలోనే, డిసెంబరు 21న చెన్నైలో 6:26 ప్రాంతంలో, హైదరాబాదులో 6:41 ప్రాంతంలో.

అంటే మేము ఏడాది మొత్తంలో తప్పు దాక్కునే నెలను ఏరికోరి పట్టుకుని కొలిచాము. కొలబద్ద మార్చాము: ఏడాది పొడవునా రోజురోజుకూ తేడా లెక్కగట్టి, వాటిలో అన్నిటికంటే పెద్దదానిని ఆ జంట ఊళ్ల తప్పుగా తీసుకున్నాము. బెంగళూరు, చెన్నై దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కనుక వాటి మధ్య తేడా ఏడాదంతా 10, 11 నిమిషాల దగ్గరే ఉంటుంది. ముంబై, చెన్నైల మధ్య డిసెంబరులో అది 41 నిమిషాలు. రాహుకాలం దాదాపు గంటన్నర ఉంటుంది కదా, అందులో సగం దాకా తప్పు గడియల్లో పడినట్టు.

అదే డేటా, కొత్త కొలబద్ద:
సరి 128, తప్పు 172, తెలియదు 0.

దశ 3: దేశం నడిబొడ్డున ఊరు, సింధులో హైదరాబాదు

తప్పులు 172ను పటం మీద చుక్కలుగా పెట్టగానే 34 చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అక్షాంశం 22, రేఖాంశం 79 దగ్గర, అంటే మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడా పరిసరాల్లో. అక్కడ మాకు ఒక్క పాఠకుడు కూడా లేరు. డేటాబేసుకు దేశం మాత్రమే తెలిసి ఊరు తెలియనప్పుడు దేశం మధ్యబిందువును ఇస్తుంది, మన ప్రోగ్రాము దాన్ని ఊరని నమ్ముతుంది. ఇలాంటి మధ్యబిందువు వల్లే అమెరికాలో కేన్సస్ రాష్ట్రంలోని ఒక పొలం ఇంటి మీదకు ఏళ్ల తరబడి పోలీసులు, పన్ను వసూలు అధికారులు వచ్చిపడ్డారు. 60 కోట్ల చిరునామాలు ఆ ఒక్క బిందువుకు అంటించి ఉన్నాయని 2016లో బయటపడింది. మా దగ్గర ఒక గీత రాస్తే సరిపోయింది: ఆ బిందువు వస్తే 'తెలియదు' అను.

తరువాత జియోఫీడ్లు. చిరునామాల యజమానులే తమ ఏ కట్ట ఏ ఊళ్లో వాడుతున్నారో ప్రకటించే సాదా ఫైళ్లు ఇవి. వీటి రూపాన్ని 2020 ఆగస్టులో వచ్చిన ఇంటర్నెట్టు సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8805 నిర్ణయించింది: ఒక్కో వరుసలో కట్ట, దేశం, రాష్ట్రం, ఊరు. ఆ ఫైళ్లను రిజిస్ట్రీ (చిరునామాలను పంచి, ఎవరివో రాసిపెట్టే సంస్థ) రికార్డుల నుంచి ఎలా వెతికి పట్టుకోవాలో 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9092 చెప్పింది, 2024లో దాని స్థానంలోకి 9632 వచ్చింది. మన దేశపు రికార్డులు నిక్సీ (భారత జాతీయ ఇంటర్నెట్ ఎక్స్చేంజి) నడిపే రిజిస్ట్రీ ఐరిన్‌లోనూ, ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ ఏప్నిక్‌లోనూ ఉంటాయి. మేము చేసిన క్రమం ఇది.

1. మన 300 కట్టలకు హూయిజ్ రికార్డులు (కట్ట ఎవరిదో చెప్పే రిజిస్ట్రీ వివరాలు) దింపి, వాటిలో జియోఫీడ్ లంకె ఉన్నవి ఏరాము.
2. ఫైలులోని కట్ట నిజంగా ఆ రికార్డు పరిధిలోనిదేనా అని సరిచూశాము. పరాయివారి కట్టలకు ఊళ్లు రాసినవారు కూడా ఉన్నారు.
3. ఒకే సంస్థ తన కట్టలన్నిటికీ ఒకే ఊరు రాస్తే, అది ప్రధాన కార్యాలయం ఉన్న ఊరని అనుమానించి పక్కన పెట్టాము.
4. మిగిలినవాటిలో ఊరి పేరును అక్షాంశ రేఖాంశాలుగా మార్చాము.

నాలుగో మెట్టు మీద జారిపడ్డాము. ఊరి పేరుకు దేశం కోడ్ జత చేయకుండా వెతకడంతో, మొదటిసారి నడిపినప్పుడు హైదరాబాదు పాఠకులు కొందరు పాకిస్తాన్ సింధు రాష్ట్రపు హైదరాబాదులో తేలారు. సేలంలో ఉన్న ఒకరు అమెరికాలోని ఆరెగాన్‌కు వెళ్లిపోయారు. రాష్ట్రం కోడ్‌లతో సరిచేద్దామంటే అక్కడ ఇంకో చిక్కు: తెలంగాణకు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) కోడ్ 2023 నవంబరు దాకా టీజీ, ఆపైన టీఎస్. బండ్ల నంబరు ప్లేట్లు మాత్రం 2024 మార్చిలో సరిగ్గా ఎదురు దిక్కుకు, టీఎస్ నుంచి టీజీకి మారాయి. ఫీడ్లలో రెండు కోడ్‌లూ కనబడతాయి కాబట్టి రెండింటినీ ఒప్పుకోవాలి. ఊరి పేర్లకు ఒక సమానార్థక పట్టిక చేతితో రాశాము. ఒక్క విశాఖపట్నానికే అందులో వైజాగ్‌తో కలిపి ఐదు రూపాలున్నాయి.

సరి 139, తప్పు 118, తెలియదు 43.

దశ 4: ఐదు ఊళ్లలో ఐదు పెట్టెలు

ఇక్కడ ఎక్కువ కాలం పట్టింది, ఎక్కువ ఖర్చూ అయింది. అవతలి యంత్రం నుంచి జవాబు రావడానికి పట్టే కాలాన్ని చిన్న పెట్టెలతో కొలిచి, అది ఎంత దూరం లోపల ఉందో హద్దు కట్టడం ఈ దశ పని. గాజుతీగలో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. పోయి రావడానికి ఒక మిల్లీసెకను పట్టిందంటే అవతలి యంత్రం 100 కి.మీ. కంటే దూరంలో ఉండటానికి వీల్లేదు. చెన్నై, సింగపూరుల మధ్య 2002లో వేసిన ఐ2ఐ సముద్రపు కేబులు పొడవు 3,200 కి.మీ.; సింగపూరులో అద్దెకు తీసుకున్న సర్వరుకు మా పెట్టె నుంచి కనిష్ఠంగా 33 మి.సె. పట్టింది. లెక్క కుదిరింది.

రిచీ స్ట్రీట్‌లో వాడిన రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (అరచేతిలో పట్టే కంప్యూటర్లు) ఐదు కొని, చెన్నైలో మా ఇంట్లో ఒకటి, నెల్లూరులో మామయ్య ఇంట్లో ఒకటి, బెంగళూరులో చెల్లెలి దగ్గర, హైదరాబాదు, విశాఖలలో స్నేహితుల దగ్గర తలా ఒకటి పెట్టాము.

ఖర్చు ఇప్పటివరకు: బోర్డులు ₹14,000, చిన్న యూపీఎస్‌లు ₹7,000, కేబుళ్లు, మెమరీ కార్డులు ₹2,350. మొత్తం ₹23,350.

యూపీఎస్‌లు మొదట్లో కొనలేదు. నెల్లూరు పెట్టె రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మాయమయ్యేది. కరెంటు కోతేమో అనుకున్నాను. కనుక్కుంటే, అత్తయ్య దీపారాధన వేళకు ఆ ప్లగ్గు తీసి భక్తి పాటల స్పీకరు పెట్టుకుంటున్నారు.

బెంగళూరు పెట్టెను చెల్లెలు టీవీ వెనక వైఫై మీద పెట్టింది. దాని నుంచి సొంత ఇంటి రౌటరుకే 3.1 మి.సె. పడుతోంది, అంటే ఇంట్లోనే 310 కి.మీ. వృథా. లాన్ కేబులు వేయించాక 0.4కు దిగింది. పెట్టె ఏదైనా వైఫై మీద మాత్రం పెట్టకండి.

మేము పింగ్ చేసింది (చిన్న సందేశం పంపి జవాబు కాలం కొలిచింది) పాఠకుల ఫోన్లను కాదు. ఆ కట్టకు వెళ్లే దారిలో చివరగా జవాబిచ్చే రౌటరును కొలిచాము. ఒక్కో దానికి రోజుకు ఐదు వేళల్లో, తెల్లవారుజామున మూడు గంటలతో సహా, ఇరవయ్యేసి సార్లు కొలిచి, అన్నిటిలోకి కనిష్ఠాన్ని ఉంచుకున్నాము. సగటుతో పని లేదు, ఎందుకంటే రద్దీ ఆలస్యాన్ని పెంచుతుందే గాని ఎప్పుడూ తగ్గించదు.

తరువాత నేను చేసినది తెలివి తక్కువ పని. మిల్లీసెకనుకు 100 కి.మీ. అనే హద్దు చాలా వదులుగా ఉందని, మా ఐదు పెట్టెల మధ్య కొలతలకు గీత గీసి, సగటున మిల్లీసెకనుకు 45 కి.మీ. అని తేల్చి, దాన్నే హద్దుగా పెట్టాను. ఒక్కో పెట్టె చుట్టూ ఆ దూరంతో గీసే వలయాలు ముచ్చటగా చిన్నవయ్యాయి. కానీ చెన్నై నుంచి 5.8 మి.సె.లో జవాబిచ్చిన ఒక బెంగళూరు రౌటరు, 45 లెక్కన 261 కి.మీ. లోపల ఉండాలి. బెంగళూరు ఉన్నదేమో 290 కి.మీ. దూరంలో. ఇలా 110 మంది బ్రాడ్‌బ్యాండ్ వారిలో 9 మంది అసలు ఊరినే మా లెక్క 'అసాధ్యం' అని కొట్టివేసింది. సగటు ఎప్పుడూ హద్దు కాదు. మళ్లీ 100కే వచ్చాము.

అప్పుడు ఆ తొమ్మిది పోయాయి, కానీ వేరే నాలుగు మిగిలాయి, అవి మరీ విచిత్రంగా ఉన్నాయి. ఢిల్లీలో ఉన్నామని చెప్పినవారి కట్టకు చెన్నై పెట్టె నుంచి 0.9 మి.సె.! మూడు రోజులు పెట్టెనే అనుమానించాను. చివరికి 192.0.2.1 అనే చిరునామాకు పింగ్ చేశాను. అది పుస్తకాల్లో ఉదాహరణలు రాసుకోవడానికి కేటాయించిన కట్టలోనిది, ఇంటర్నెట్టులో ఎక్కడా ఉండకూడనిది. అది కూడా 0.9 మి.సె.లో నిక్షేపంగా జవాబిచ్చింది. దారిలో ఉన్న ఏదో మధ్య యంత్రం, 80వ పోర్టుకు (వెబ్ పేజీల తలుపుకు) టీసీపీ పలకరింపు (కనెక్షను కోరే మొదటి సందేశం) రాగానే అవతలివారి తరఫున తానే తలుపు తీస్తోందన్నమాట. ఐసీఎంపీ అనే వేరే సందేశ పద్ధతికి మారి, ప్రతి విడతకు ముందు 192.0.2.1ని పలకరించి, జవాబు వస్తే ఆ విడతను పారేసే నియమం పెట్టాము. ఇలాంటి పెట్టె పెట్టేవారు మరేది మరిచినా ఈ పరీక్షను మరవవద్దు.

ఇంతా చేసి ఈ కొలతలు ఊరిని చెప్పవు, ఊరు కాదని మాత్రమే చెబుతాయి. ఒక కట్టను డేటాబేసు ముంబైలో పెట్టింది, మా చెన్నై పెట్టెకు దాని చివరి రౌటరు 1.9 మి.సె.లో పలికింది. 190 కి.మీ. వలయం కాబట్టి ముంబై ముమ్మాటికీ కాదు. కానీ ఆ వలయంలో చెన్నైతోపాటు నెల్లూరు, తిరుపతి, వేలూరు, పుదుచ్చేరి అన్నీ ఉన్నాయి, వేలూరు, చెన్నైల మధ్య తేడా మా 4 నిమిషాల గీతను దాటుతుంది. మరోవైపు, పెరంబూరులోని మా ఇంటి నుంచి వ్యాసర్పాడిలో వేరే కంపెనీ బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటికి 47 మి.సె. వచ్చింది. మూడు కిలోమీటర్ల దూరానికి డేటా మూట (ప్యాకెట్) ముంబై దాకా వెళ్లి వస్తోంది. అలాంటి కొలత తప్పు కాదు గాని, 4,700 కి.మీ. వలయంతో చేసేదేమీ లేదు.

ఆలస్యం వలయంలో పడని ఊహలన్నీ కొట్టివేశాక:
సరి 139, తప్పు 83, తెలియదు 78.

దశ 5: రౌటర్ల పేర్లు

ఇది మూడు రోజుల పని. చాలా రౌటర్లకు, నంబరు ఇస్తే పేరు చెప్పే రివర్స్ డీఎన్ఎస్‌లో పేరుంటుంది, ఆ పేరులో తరచు విమానాశ్రయం కోడ్ ఉంటుంది: ఎంఏఏ అంటే మద్రాసు (ఊరి పేరు 1996లో మారినా కోడ్ మారలేదు), బీఎల్ఆర్, హెచ్‌వైడీ, వైజాగ్‌కు వీటీజెడ్, విజయవాడకు వీజీఏ. మొదట ఈ మూడక్షరాలను పేరులో ఎక్కడున్నా పట్టుకోమన్నాము. 'మోడల్' అన్న ఇంగ్లిషు మాట చివర ఢిల్లీ దొరికింది. చుక్కలు, అడ్డగీతల మధ్య విడిగా నిలబడితేనే ఒప్పుకోమన్నాక అది తగ్గింది. టీఐఆర్ అంటే తిరుపతి అనుకుంటే, ఒక సంస్థ లెక్కలో అది తిరుచ్చి. చెన్నై పెట్టె ఆలస్యం దాన్ని తేల్చలేదు, నెల్లూరు పెట్టె తేల్చింది. పేరు చెప్పిన ఊరు వలయంలో కూడా పడితేనే తీసుకోవాలి అన్నది నియమం.

సరి 158, తప్పు 71, తెలియదు 71.

దశ 6: మొబైల్ దగ్గర ఓటమి ఒప్పుకోవడం

మిగిలిన 71 తప్పుల్లో 58 మొబైల్ వారివే. ఫోను నుంచి బయలుదేరిన మూట టవరు దగ్గర ఇంటర్నెట్టులో కలవదు. టెలికాం సర్కిలు (ఫోను కంపెనీల ప్రాంత విభాగం) కేంద్రంలోని గేట్‌వే దాకా వెళ్లి, అక్కడ ఎందరితోనో ఒకే ఐపీవీ4 చిరునామాను పంచుకుని బయటపడుతుంది. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిలు. అందువల్ల నెల్లూరు, శ్రీకాకుళం, అనంతపురం ఫోన్లు హైదరాబాదు చిరునామాతో కనబడతాయి. మామయ్య ఫోను సంగతీ ఇదే. డేటాబేసు అబద్ధం చెప్పలేదు. ఆ చిరునామా హైదరాబాదులోనే ఉంది, మనిషే నెల్లూరులో ఉన్నారు. దీనికి పెట్టెలూ పనికిరావు, పేర్లూ పనికిరావు.

చేసినది ఒక్కటే. ఒకే కట్ట నుంచి వచ్చిన పాఠకుల సొంత జవాబుల మధ్య 4 నిమిషాలు మించిన తేడా ఉంటే, ఆ కట్ట మొత్తాన్ని, రిజిస్ట్రీ రికార్డులో దాని పైన ఉన్న పెద్ద కట్టతో సహా, 'తెలియదు'లో వేశాము.

సరి 132, తప్పు 24, తెలియదు 144.

తప్పులు 47 తగ్గాయి, కానీ నిజంగానే హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న 26 మందికి ఇప్పటిదాకా సరిగ్గా వస్తున్న జవాబు కూడా పోయింది. "అన్నా, సగంమందికి తెలియదని చెప్పడానికి మనకు సైటెందుకు?" అని తమ్ముడు గట్టిగానే అడిగాడు. రెండు రోజులు దీని మీదే వాదించుకున్నాము. నా వాదన ఏమిటంటే, ఊరు తెలియదని చెబితే పాఠకులు ఊరు ఎంచుకుంటారు, తప్పు ఊరిని ధీమాగా చూపిస్తే ఆ గడియలు నమ్మి శంకుస్థాపన చేస్తారు. వాడి వాదన, ఖాళీ పేజీ చూస్తే వెళ్లిపోతారని. అది కూడా నిజమే. చివరికి 'తెలియదు' వచ్చినప్పుడు పేజీ ఖాళీగా ఉంచకుండా, ఆ సర్కిలులోని నాలుగు ఊళ్ల గడియలు పక్కపక్కన చూపిస్తున్నాము. ఆంధ్ర సర్కిలుకైతే హైదరాబాదు, విజయవాడ, విశాఖ, తిరుపతి. బ్రౌజరు ద్వారా అసలు స్థానం అడిగే బొత్తం దాని కింద ఉంది. పేజీ తెరవగానే అనుమతి అడిగే పద్ధతి పెట్టలేదు, ఎందుకంటే పెద్దవాళ్లు భయపడి ఒకసారి 'వద్దు' నొక్కితే, తరువాత బొత్తం నొక్కినా ఫోను మళ్లీ అడగదు.

దశ 7: పక్కన పెట్టిన 118

అక్టోబరు చివర, అప్పటివరకు తాకని 118 జవాబుల మీద ఒకే ఒక్కసారి నడిపాము.

సరి 47, తప్పు 15, తెలియదు 56.

జవాబు ఇచ్చిన 62 మందిలో 15 తప్పులంటే దాదాపు నాలుగింట ఒకటి. పనిలో వాడిన 300లో అది 156కు 24, ఆరింట ఒకటి కంటే తక్కువ. కొంత తేడా ఊహించినదే, చూసిన డేటా మీద నియమాలు ఎప్పుడూ కాస్త మెరుగ్గానే కనబడతాయి. కానీ 15లో 6 ఒకే చోటి నుంచి రావడంతో తవ్వి చూశాను. 1,024 చిరునామాల కట్ట ఒకటి, పాఠకులు ఫారం నింపిన రోజుల్లో చెన్నై ఇళ్లకు ఇచ్చి ఉన్నది, అక్టోబరుకల్లా కోయంబత్తూరు చేరింది. కొత్త రౌటరు పేరు, కొత్త జియోఫీడ్, ఆలస్యం మూడూ కోయంబత్తూరనే అంటున్నాయి. మా పద్ధతి చెప్పినది నేటికి నిజం, మా సాక్ష్యమే పాతబడింది. ఏప్నిక్ దగ్గర ఐపీవీ4 నిల్వ 2011 ఏప్రిల్‌లోనే చివరి మెట్టుకు చేరింది కాబట్టి సంస్థలు ఉన్న కట్టలనే ఊళ్ల మధ్య తిప్పుకుంటాయి. ఆ ఆరింటినీ లెక్కలోంచి తీసేసి అంకెను బాగు చేసుకోవచ్చు, తీయలేదు. బదులుగా ఫారంలో వచ్చే ప్రతి జవాబుకూ తేదీ జోడించి, 90 రోజులు దాటినదాన్ని సాక్ష్యంగా వాడకుండా మార్చాము.

నెలకోసారి మొదటి శనివారం రాత్రి ఐదు పెట్టెలూ కట్టలన్నిటినీ మళ్లీ కొలుస్తాయి. నెల్లూరు పెట్టెకు విడిగా ఒక ప్లగ్గు పెట్టించాను, దాని మీద అత్తయ్య చేతిరాతతోనే 'తీయరాదు' అని చీటీ అంటించి ఉంది. మామయ్య ఫోనులో సైటు ఇప్పుడు హైదరాబాదు అనడం లేదు. నాలుగు ఊళ్ల గడియలు చూపించి, "మీ ఊరు ఏదో చెప్పండి" అని అడుగుతోంది. ఆ నాలుగింటిలో నెల్లూరు ఎందుకు లేదని ఆయన మళ్లీ ఫోను చేశారు.